అంది, అందిట

మా చిన్నది తొమ్మిదో తరగతి చదువుతోంది. రాత్రి భోజనాలయ్యాక బల్ల తుడిపించి, ఆ బల్ల మీదే పుస్తకాలు పరుచుకుని కూర్చోవడం దానికలవాటు. మొన్నొక రాత్రి వంటింట్లో నేను పాలు తోడుపెడుతుంటే అక్కణ్ణించే కేకేసింది.

"అమ్మా, 'అయ్యో' అన్నదాన్ని ఇన్‌డైరెక్ట్ స్పీచిలోకి మారిస్తే ఏమవుతుంది?"

వాక్యం ఏమిటో చదవమన్నాను. ఎవరో చిన్నపిల్ల, "అయ్యో, నా బొమ్మ విరిగిపోయింది" అంటుంది. మనం దాన్ని "ది గర్ల్ ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో దట్ హర్ డాల్ వాజ్ బ్రోకెన్" అని మార్చాలి. ఇంటర్లో కంఠతా పట్టిన సూత్రాలు కనక తడుముకోకుండా చెప్పేశాను. 'అయ్యో' తీసేసి 'విత్ సారో' పెట్టు. 'భలే భలే' అంటే 'విత్ జాయ్'. 'అబ్బ!' అంటే 'విత్ సర్‌ప్రైజ్'. అంతే, ఆలోచించడానికేం లేదు.

అది రాసుకుంది. రాసుకున్నాక పెన్ను చివర కొరుకుతూ, "ఆ పిల్లకి నిజంగా దుఃఖం వచ్చిందని వీళ్ళకెలా తెలుసమ్మా? అయ్యో అనే కదా అంది! నువ్వు ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు నిమిషానికోసారి అయ్యో అంటావు. అన్నీ విత్ సారోనేనా?" అంది.

మా వారు పేపరు వెనకాల నవ్వుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. నేను మాత్రం తోడు గిన్నె మీద మూత పెట్టి, "ముందు హోంవర్కు పూర్తి చెయ్" అన్నాను. పిల్లలు సరైన ప్రశ్న వేసినప్పుడు తల్లులిచ్చే జవాబు అదేగా!

కానీ ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. పడుకున్నా వదల్లేదు. ఎందుకు వదల్లేదో చెప్పాలంటే కాస్త చుట్టు తిరిగి రావాలి.

మనలో చాలామంది ఈ డైరెక్టు, ఇన్‌డైరెక్టు గొడవంతా రెన్ అండ్ మార్టిన్ గ్రామరు పుస్తకంలోనే నేర్చుకున్నాం. నాకయితే మా మేనమామ వాడి వదిలేసిన ప్రతి వచ్చింది, అట్ట లేకుండా. ఆ ఇద్దరిలో రెన్ దొరగారు బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖలో పనిచేశాడు. ఆయన నవలలు కూడా రాశాడని ఎంతమందికి తెలుసో! 1924లో వచ్చిన 'బో జెస్ట్' ఆయనదే. ఎడారిలో సైనికుల కథ, సినిమాలు కూడా తీశారు. నాబోటి నవలలు రాసుకునేదానికి ఈ సంగతి తెలిసినప్పుడు భలే ముచ్చటేసింది. పాత్రల చేత ఇష్టమొచ్చినట్టు మాట్లాడించే మనిషే, ఒకరి మాటని ఇంకొకరు చెప్పేటప్పుడు పాటించాల్సిన మడీ ఆచారం కూడా మనకి నేర్పాడన్నమాట.

ఆ ఆచారం ఓసారి గుర్తు తెచ్చుకోండి. 'ఐ' ఉంటే 'హి' అయిపోవాలి. 'నౌ' పోయి 'దెన్' రావాలి. 'హియర్' అన్నది 'దేర్' అవుతుంది, 'దిస్' కాస్తా 'దట్' అవుతుంది, 'టుమారో' వెళ్ళి 'ది నెక్స్ట్ డే' వస్తుంది. 'ఈజ్' అన్నది 'వాజ్' కావాలి. పరీక్షల కోసం బట్టీ పట్టే రోజుల్లో గమనించలేదు గానీ, ఇప్పుడు చూస్తే ఒకటే కనిపిస్తోంది. ఒక మనిషి మాట మన చేతికి రాగానే అందులో దగ్గరగా ఉన్నవన్నీ దూరం జరిగిపోతాయి. ఇక్కడ అన్నది అక్కడయిపోతుంది. ఇప్పుడు అన్నది అప్పుడయిపోతుంది. నేను అన్న మనిషి ఎవరో పరాయి మనిషయిపోతుంది. ఒక్క లోకసత్యాలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని టీచరు ఎప్పుడన్నా సరే, దాన్ని వర్తమానంలోనే ఉండనిస్తారు. సూర్యచంద్రుల జోలికి పోకుండా, మన ఆకళ్ళనీ నొప్పుల్నీ ఇష్టాల్నీ మాత్రం భూతకాలంలోకి తోసేస్తారు. "నాకు నొప్పిగా ఉంది" అని ఒకావిడ అంటే, "ఆవిడకి నొప్పిగా ఉండెనని ఆవిడ పలికెను." పాపం, ఆవిడకి ఇంకా తగ్గిందో లేదో!

మన తెలుగు అలా కాదు. "రేపు వస్తాను" అని మీ తమ్ముడు ఫోన్లో అన్నాడనుకోండి. మీరు మీ అత్తగారితో ఏమంటారు? "మా తమ్ముడు రేపు వస్తానన్నాడండీ" అంటారు. వస్తాను, అన్నాడు. ఆ 'ను' ఎవరిది? మీది కాదు, మీ తమ్ముడిది. వాడి 'నేను' వాడి మాటకి అంటుకుని అలాగే మీ నోట్లోంచి వచ్చింది. "వస్తాడన్నాడు" అంటే ఇంకెవరో వస్తారని అర్థం. అంటే మనం ఒకరి మాట చెప్పేటప్పుడు, ఆ ఒక్క క్షణం మన నోరు వాళ్ళకి అద్దెకిస్తామన్నమాట. పూర్వం తాటాకుల మీద రాసుకున్న కాలంలో ఈ కొటేషన్ గుర్తులెక్కడివి? మనకి 'అని' ఉండేది, సంస్కృతంలో 'ఇతి' ఉండేది. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో ఆ చిన్న ముక్కే చెప్పేది.

'రేపు' సంగతి ఇంకా తమాషా. మా చిన్నప్పుడు మా వూళ్ళో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. రాత్రిపూట దెయ్యం ఇంటింటికీ వచ్చి పిలుస్తుందని, ఆ రాత చదువుకుని వెనక్కి పోతుందని చెప్పుకునేవారు. మర్నాడు వచ్చి చూస్తే మళ్ళీ 'రేపు రా' అనే ఉంటుంది కదా! అది అచ్చమైన డైరెక్ట్ స్పీచి. ఏ ఇంగ్లీషు మాస్టారో జాలిపడి దాన్ని 'మర్నాడు రమ్మనిరి' అని మార్చి ఉంటే, దెయ్యం లెక్కపెట్టుకుని మర్నాడు సరిగ్గా దిగి ఉండేది. కిరాణా కొట్లలో 'అరువు రేపు' అని బోర్డు పెట్టిన శెట్టిగారికి కూడా ఈ వ్యాకరణ రహస్యం తెలుసు.

ఇంకొకటి కూడా ఉంది మనకి. ఒక్క అక్షరం. 'ట'. అందిట, వచ్చాడుట, మానేసిందిట. "నేను చూడలేదమ్మా, ఎవరో అంటే విన్నాను" అన్న పొడుగాటి వాక్యాన్నంతటినీ ఒక్క అక్షరంలో కుదించి పెట్టుకున్న భాష మనది. ఎంత నిజాయితీ ఉందో చూడండి అందులో! అయితే ఎంత పిరికితనముందో కూడా చూడాలి. "నాకేం తెలుసు, అన్నారు కనక అన్నాను" అని తప్పుకోవడానికి అంతకంటే మంచి చాటు లేదు. పైగా ఆ 'ట' ఎక్కువ దూరం నడవలేదు. మా వీధి మొదట్లో "ఆ పిల్ల చదువు మానేసిందిట" అని బయల్దేరిన మాట, రామాలయం మలుపు దాకా వచ్చేసరికి "మానేసింది" అవుతుంది. 'ట' ఎక్కడ రాలిపోయిందో, ఎవరి గుమ్మంలో రాలిపోయిందో ఎవరూ చెప్పలేరు. అందరూ నిజమే చెప్పారు. ఒక్కొక్కరూ ఒక్క అక్షరమే మింగారు.

పోనీ అన్నది అన్నట్టుగా, అక్షరం పొల్లుపోకుండా చెబితే సరిపోతుందా అంటే, మా అత్తగారిని చూశాక ఆ నమ్మకం కూడా పోయింది నాకు. ఆవిడ ఎవరి మాట చెప్పినా డైరెక్ట్ స్పీచే. మా పెద్ద తోడికోడలు ఎప్పుడో, "అత్తయ్యా, కాఫీలో పంచదార సరిపోయిందా?" అని అడిగింది. ఆవిడ దాన్ని మాకు చెప్పేటప్పుడు మాటలన్నీ అవే. ఒక్కటి కూడా కలపలేదు. కానీ 'సరిపోయిందా' దగ్గర ఓ దీర్ఘం తీసి, మూతి ఓ పక్కకి తిప్పి, చెయ్యి నడుం మీద పెట్టారు. అంతే, ఆ ప్రశ్న కాస్తా దెప్పిపొడుపయిపోయింది. కోర్టుకెళ్ళి ప్రమాణం చేయించినా ఆవిడ అబద్ధమాడలేదనే తేలుతుంది. అంచేత, సొంత మాటల్లో చెబితే మోసం, అవతలివాళ్ళ మాటల్లో చెబితే సత్యం అనుకోవడానికేం లేదు. (ఆవిడ ఈ పత్రిక చదవరు. మా ఆడపడుచు చదువుతుంది. ఆ మాట మటుకు ఆవిడకి చెప్పకు వదినా, లేదా చెప్పినా మూతి తిప్పకుండా చెప్పు.)

కోర్టంటే గుర్తొచ్చింది. మా పెదనాన్నగారబ్బాయి వకీలు. విన్నమాటకి కోర్టులో విలువుండదు అని వాడు ఎప్పుడూ అంటూంటాడు. 1872 నాటి సాక్ష్యాల చట్టం పోయి, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అని కొత్తది అమల్లోకి వచ్చినా ఈ ముక్క మాత్రం మారలేదు. చూసిన సంగతయితే చూసినవాళ్ళే, విన్న సంగతయితే విన్నవాళ్ళే వచ్చి చెప్పాలి. 'ట' తీసుకుని బోను ఎక్కడానికి వీల్లేదు. దానికున్న మినహాయింపుల్లో అందరికీ తెలిసినది మరణవాఙ్మూలం. పోయిన మనిషి వచ్చి చెప్పలేదు కనక, ఆ మనిషి తన చావుకి కారణం ఫలానా అని చెప్పిన మాటని ఇంకొకరి నోట ఒప్పుకుంటారు. అక్కడ కూడా ఎంత జాగ్రత్తో! మేజిస్ట్రేటు ప్రశ్నా జవాబుల రూపంలో, వీలైనంతవరకు ఆ మనిషి సొంత మాటల్లోనే రాసుకున్న వాఙ్మూలానికి, తర్వాత ఎవరో జ్ఞాపకం మీద చెప్పేదానికంటే ఎక్కువ విలువుంటుందని 1957లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇళ్ళల్లో మేజిస్ట్రేట్లుండరు. గోరుచిక్కుడు కాయలుంటాయి.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. నాన్న పోయాక అమ్మ రాజమండ్రిలో మా ఇంట్లోనే ఉండేది. మోకాళ్ళ నొప్పులు తప్పితే మనిషి బాగానే ఉండేది. మా అక్క వాళ్ళు హైదరాబాదులో ఉంటారు. అక్క పెళ్ళి తన ఇష్టప్రకారం చేసుకుంది. నాన్న నాలుగేళ్ళు మాట్లాడలేదు. అమ్మ ఆ నాలుగేళ్ళూ నాన్న మాట దాటలేదు. తర్వాత అన్నీ సర్దుకున్నాయి, రాకపోకలు మొదలయ్యాయి. కానీ అక్క మనసులో ఎక్కడో ఓ మూల 'అమ్మకి నేనంటే రెండో లెక్క' అన్నది ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలుసని ఇక్కడ ఒప్పుకోవడం అవసరం.

ఆ యేడు సంక్రాంతి వెళ్ళాక అక్క ఫోన్ చేసింది. "అమ్మని ఓ మూణ్ణెల్లు నా దగ్గరికి పంపవే. బావగారు వచ్చి తీసుకొస్తారు. అమ్మని అడిగి చెప్పు" అంది. అమ్మకి ఫోన్లో సరిగ్గా వినపడేది కాదు, మా మాటలన్నీ నేనే మోసేదాన్ని.

అడిగాను. అమ్మ వంటింట్లో కింద కూర్చుని గోరుచిక్కుడు కాయలకి ఈనెలు తీస్తోంది. తలెత్తకుండానే అంది.

"నేనెక్కడికొస్తానే ఇప్పుడు? దానికి పిల్లలిద్దరికీ పరీక్షలు కదా. నేవెళ్ళి మంచం వేయించుకుని కూర్చుంటే అది ఎవర్ని చూసుకుంటుంది చెప్పు? వేసవిలో చూద్దాంలే అని చెప్పు దానికి. దాని చేతి మజ్జిగ పులుసు తిని ఎన్నాళ్ళయిందో."

ఆ సాయంత్రం అక్కతో నేను చెప్పింది, "అమ్మ రానందే."

అంతే. రెండు మాటలు. అక్క, "ఊఁ, సరే" అంది. ఇంకేదో మాట్లాడుకున్నాం. కుక్కరు కూత వేసింది, పెట్టేశాను.

అమ్మ వేసవి దాకా లేదు. ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయింది.

ఈ మధ్య మా పిన్ని మనవరాలి పెళ్ళిలో కలిశాం అందరం. వడ్డనలయ్యాక ఆడవాళ్ళం చాపల మీద చేరగిలబడి కబుర్లు చెప్పుకుంటున్నాం. తల్లుల సంగతి వచ్చింది. అక్క ఎవరితోనో, నాతో కాదు, నవ్వుతూనే అంది. "మా అమ్మ చివరి రోజుల్లో నా ఇంటికి రమ్మంటే రానంది. ఏం చేస్తాం, ఆవిడ ఇష్టం."

రానంది. రాను, అంది. ఆ 'ను' అమ్మది. మన తెలుగులో ఉన్న గొప్పతనం అనుకున్నానే, చెప్పేవాళ్ళ 'నేను' చెక్కుచెదరకుండా వస్తుందని! నేను కత్తిరించి ఇచ్చిన ముక్క, అమ్మ నోట్లోంచి వచ్చినట్టే, అమ్మ గొంతుతోనే ఎనిమిదేళ్ళు అక్క చెవిలో ఉండిపోయింది. నేను చెప్పినట్టు ఎక్కడా లేదు. అమ్మే అన్నట్టుంది. ఇంగ్లీషులో అయితే, 'ఆవిడ రాదని ఆవిడ చెప్పెను' అన్నప్పుడు, మధ్యలో ఎవరో ఒకరున్నారని తెలుస్తుంది. చేతులు మారిన సరుకని పైకే కనిపిస్తుంది. నా వాక్యంలో నేను లేనే లేను.

అబద్ధమాడానా అంటే ఆడలేదు. అమ్మ రానన్న మాట నిజం. పరీక్షల్లో మార్కులు కూడా పడతాయి, సారాంశం సరిగ్గానే ఉంది కనక. పోయింది ఏమిటంటే ఓ 'ఇప్పుడు', ఓ 'కదా', ఓ 'చూద్దాంలే', ఓ మజ్జిగ పులుసు. ఇంగ్లీషు వ్యాకరణంలో 'కదా'ని ఏం చెయ్యాలో సూత్రం లేదు. 'విత్' ఏమని రాస్తారు?

తొందరలో అలా జరిగిపోయిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కుక్కరు కూత కూడా సాక్ష్యానికి ఉంది. కానీ ఆ పెళ్ళినించి వచ్చాక రాత్రిళ్ళు ఆలోచిస్తే, అంత తొందరేం లేదనిపిస్తోంది. అదే ఫోన్లో అక్కతో చీర అంచు గురించి పావుగంట మాట్లాడాను. చీర అంచుకి ఉన్న తీరిక అమ్మ మాటకి ఎందుకు లేకపోయింది? అమ్మ నా ఇంట్లో ఉండటం నాకు ఇష్టం. అమ్మ నా దగ్గరే ఉంటానంది అన్నది అక్కకి వినపడటం ఇంకా ఇష్టం. చిన్నప్పుడు అన్నింట్లో ముందుండేది అక్కే మరి. ఆ రెండు మాటల వాక్యం అంత నున్నగా తయారవడానికి అది కూడా కారణం. పూర్తిగా అదేనని అనను. అసలు కాదని మాత్రం అనలేను.

సుందరకాండ పారాయణ చేసేటప్పుడు నాకు ఎప్పుడూ ఓ సందేహం వచ్చేది. సీతమ్మవారు హనుమంతుడికి కాకాసురుడి కథంతా చెబుతుంది. అది భార్యాభర్తల మధ్య జరిగిన సంగతి, ఇంకొకరికి తెలియనిది. ఆయన వెనక్కి వెళ్ళి, ఆ కాకి కథంతా పూసగుచ్చినట్టు రాముడికి అప్పజెబుతాడు. అంత యుద్ధం ముందు పెట్టుకుని, "అమ్మవారు క్షేమం, రమ్మన్నారు" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యచ్చుగా అనుకునేదాన్ని. ఇప్పుడనుకోను. సముద్రం దాటడం కంటే అదే పెద్ద పని కాబోలు. తన సొంత లెక్కలేమీ మధ్యలో పెట్టుకోని మనిషే అలా మోసుకు రాగలడు.

మా చిన్నది హోంవర్కు ముగించి పడుకున్న మర్నాడు, అందరూ ఎవరి పనులకి వాళ్ళు వెళ్ళాక, అక్కకి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని పొద్దుటినుంచీ నలిగాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఉన్న గాయం రేగుతుందేమో, పైగా నా మీద కోపం వస్తుందేమో. నిజానికి చివరిదే అసలు భయం, మొదటి రెండూ దానికి తొడిగిన గలేబులు.

"అక్కా, ఆ యేడు సంక్రాంతికి నువ్వు అమ్మని పంపమన్నావు గుర్తుందా? అమ్మ అప్పుడు ఏమందంటే" అని మొదలుపెట్టి, అమ్మ అన్నది అన్నట్టు చెప్పాను. నేనెక్కడికొస్తానే దగ్గర్నించి మజ్జిగ పులుసు దాకా. నాకు మిమిక్రీ రాదు, కానీ 'కదా' దగ్గర అమ్మ గొంతు దానంతటదే వచ్చింది.

అటునుంచి చప్పుడు లేదు. లైను తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"'చూద్దాంలే అని చెప్పు దానికి' అందా?" అంది అక్క.

"అంది."

"మరి చెప్పలేదేమే?"

ఏం చెప్పను? తొందరలో అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. "చెప్పలేదక్కా" అన్నాను.

మళ్ళీ చాలాసేపు నిశ్శబ్దం. ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. కోపమో, ఏడుపో, రెండూనో. ఏది రాయాలో నాకూ తెలియదు.

"మళ్ళీ ఒకసారి చెప్పవే, మొదట్నించీ" అంది.

చెప్పాను. ఈసారి నెమ్మదిగా చెప్పాను. అయిపోయాక అడిగింది.

"ఏం చేస్తూ అందే?"

"గోరుచిక్కుడు కాయలు బాగుచేస్తూ."

"కింద కూర్చునా?"

"కిందే. పీట మీద."

"మోకాళ్ళ నొప్పులతో పీట మీదెందుకు కూర్చోనిచ్చావే" అని మా అక్క అప్పుడు, ఎనిమిదేళ్ళ తర్వాత, నన్ను కేకలేసింది.